రోడ్డు మందం నాలుగంగుళాలు, ఆడిట్‌లో అభ్యంతరం లేదట. మరి ఆడిట్ దేనికి?

మన్నేరు_ఒడ్డు
మాది కందుకూరు దగ్గర పల్లె. మా వీధిలో ఉపాధి హామీ డబ్బుతో సిమెంటు రోడ్డు వేసి పద్నాలుగు నెలలైంది. అప్పుడే పైన సిమెంటు లేచిపోయి కంకర తేలింది. రాములవారి గుడి మలుపులో మా పెద్దమ్మ కాలు మడతపడి కిందపడితే మూడు వారాలు మంచం దిగలేదు.

మొన్న కుళాయి పైపు వేసేవాళ్లు రోడ్డును అడ్డంగా మిషనుతో కోశారు. కోసిన అంచు చూడగానే అనుమానం వచ్చి ఇంట్లోంచి టేపు తెచ్చి పెట్టాను. మధ్యలో నాలుగున్నర అంగుళాలు ఉంది, కాలువ వైపు నాలుగే. వేసేటప్పుడు ఆరంగుళాల రోడ్డు అని మేస్త్రీ నా ముందే అన్నాడు. ఫోటోలు తీసుకుని ఆఫీసుకు పోయి అడిగితే, “ఆ పని ఎప్పుడో అయిపోయింది, ఆడిట్ కూడా అయింది, ఒక్క అభ్యంతరం రాలేదు” అన్నారు.

ఆ ఆడిట్ చేసినాయన మా ఊరొచ్చాడా? వస్తే ఆ రోడ్డు మీద నడిచాడా? ఇంతమంది ఆడిటర్లను జీతాలిచ్చి పెట్టుకున్నది దేనికి? తెలిసినవాళ్లు చెప్పండి. తెలుసుకోవాలనే అడుగుతున్నా.

ఒంగోలు_గిత్త
తెలియనిదేముంది అన్నా. ఆడిట్ పార్టీ దిగిన రోజు నుంచి వెళ్లేదాకా బస, భోజనం, కారు అన్నీ చూసుకునేది ఆ ఆఫీసువాళ్లే. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టమంటే ఎట్టా?

మొలకొలుకులు
గిత్తా, అందరినీ ఒకే గాటన కట్టొద్దు. మా మేనమామ ఆడిట్‌లోనే చేశాడు. క్యారేజీ కట్టుకుని పోయేవాడు. ఆ ఆఫీసుల్లో టీ కూడా ముట్టేవాడు కాదు.

ఒంగోలు_గిత్త
మీ మామకు దండం. అట్టాంటివాళ్లు ఎంతమంది అనేదే నా బాధ.

పాత_ఆడిటర్
31 ఏళ్లు ఈ పని చేసి రిటైరయ్యాను, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. మన్నేరు గారి ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

“ఆడిట్ అయింది” అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది “ఏ ఆడిట్?” అని. పంచాయతీ, మండల పరిషత్తు, మున్సిపాలిటీ, మార్కెట్ కమిటీ లెక్కలు చూసేది రాష్ట్ర ఆడిట్ శాఖ. పాతవాళ్లు ఇప్పటికీ లోకల్ ఫండ్ ఆడిట్ అనే పిలుస్తారు. దానికి 1989 నాటి చట్టం ఉంది. దాని కింద, తప్పుడు ఖర్చుకు బాధ్యులైన వాళ్ల దగ్గర సర్‌చార్జి వేసి డబ్బు రాబట్టొచ్చు. జలవనరులు, రోడ్లు భవనాలు లాంటి శాఖల ఖర్చు కాగ్ (దేశమంతటా ప్రభుత్వ లెక్కలు చూసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) కింద, అంటే విజయవాడలోని ప్రిన్సిపల్ అకౌంటెంట్ జనరల్ కార్యాలయం కింద ఉంటుంది. రాజ్యాంగంలో 148 నుంచి 151 దాకా ఉన్న అధికరణాలు, 1971 నాటి చట్టం, కాగ్ అధికారాలకు ఇవే ఆధారం. ఉపాధి హామీ పనికి వీటితోపాటు సామాజిక తనిఖీ కూడా ఉంటుంది. అది గ్రామసభ చేయించుకునేది. 2005 నాటి ఉపాధి చట్టంలో 17వ సెక్షను చూడండి.

ఇక రెండో సంగతి. మేము ఒక డివిజనుకు ముగ్గురం నలుగురం వెళ్తాం. ఇచ్చేది కొద్ది రోజులు. ఆ ఏడాది ఆ డివిజన్‌లో వందల పనులు జరిగి ఉంటాయి. పెద్దవి, అనుమానం ఉన్నవి ఏరుకుని వాటి ఫైళ్లే తెప్పించుకుంటాం. మీ వీధి రోడ్డు ఫైలు అసలు బల్ల మీదకే వచ్చి ఉండకపోవచ్చు. “అభ్యంతరం రాలేదు” అంటే “చూసి బాగుందన్నారు” అని కాదు. ఆ రెంటినీ ఒకటే అని జనానికి చెప్పడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

మన్నేరు_ఒడ్డు
ఇది నాకు తెలియదు సార్. వాళ్లు చెప్పిన తీరుకు, ఎవరో వచ్చి కొలిచి సరిపోయిందన్నారనే అనుకున్నా.

చేపలపులుసు_నెల్లూరు
మా ఇంట్లో చేపల పులుసు మర్నాటికి రుచి. ఈ ఆడిట్ మాత్రం మర్నాడు రాదు, ఏడాది తర్వాత వస్తుంది. అప్పటికి ముక్కా ఉండదు, పులుసూ ఉండదు.

పాత_ఆడిటర్
పులుసు గారు నవ్విస్తూనే అసలు విషయం అనేశారు. మేము వెళ్లేటప్పటికి బిల్లు చెల్లిపోయి ఉంటుంది. చెల్లకముందు ఆపగలిగేది బిల్లు పాస్ చేసే అకౌంట్స్ అధికారి. అంతకంటే ముందు, కొలత రాసే ఇంజనీరు. మేము అడగగలం, రాయగలం. ఎవరి జీతమూ ఆపలేం, ఎవరినీ జైల్లో పెట్టలేం.

సైట్_ఇంజనీరు
అన్నీ మా మీదికే వస్తాయని తెలిసే రాస్తున్నా. నేను ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేస్తున్నాను, జిల్లా చెప్పను. నా ఒక్కడి కింద మూడు మండలాల్లో ముప్పై ఎనిమిది పనులు ఉన్న రోజులున్నాయి. కాంక్రీటు పోసేటప్పుడు ఇంజనీరు దగ్గర నిలబడాలని రూలు. ఒకే రోజు నాలుగు ఊళ్లలో పోస్తే ఎక్కడ నిలబడాలి? ఎం బుక్కులో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, కొలత నేను రాయాలి, పైన డీఈ (డిప్యూటీ ఇంజనీరు) మళ్లీ కొలిచి చెక్ మెజర్‌మెంట్ చేయాలి, ఆ తర్వాత ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు). కాగితం మీద మూడు కళ్లు. నిజంగా నేల చూసేది చాలాసార్లు వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒక్కడే.

ఇంకోటి. టెండర్లో పని దక్కించుకోవడానికి ఎస్టిమేటు మీద 20, 25 శాతం తక్కువకు వేసేవాళ్లున్నారు. ఆ తగ్గించింది ఎక్కడి నుంచి వస్తుంది? సిమెంటులోంచి, మందంలోంచే వస్తుంది.

మొలకొలుకులు
ఇంజనీరు గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ నాలుగంగుళాలకు ఆరని రాసింది ఏ చేయి? పని ఎక్కువైతే పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. కొలవకుండా రాయమని ఏ రూలూ చెప్పలేదుగా.

సైట్_ఇంజనీరు
ఒప్పుకుంటా. ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు.

బిల్లు_రాలేదు
నేను చిన్న కాంట్రాక్టర్ని. కోవూరు, బుచ్చి వైపు కాలువ పనులు, కల్వర్టులు చేశాను. మీరంతా ఒక వైపే చూస్తున్నారు. 2018లో చేసిన పనికి మూడేళ్లు బిల్లు రాలేదు. వడ్డీకి తెచ్చిన డబ్బు, భార్య నగలు బ్యాంకులో. ఆ బిల్లు వచ్చేనాటికి ఆడిట్ అభ్యంతరం అని చెప్పి సీనరేజి (కంకర, ఇసుక లాంటివాటికి ప్రభుత్వానికి కట్టే రుసుము) రెండోసారి కోశారు. పర్మిట్ కాగితాలు నేను మొదట్లోనే ఇచ్చాను, ఆఫీసులో ఎక్కడో పెట్టి పోగొట్టారు. ఆడిటర్ “పర్మిట్లు ఫైల్లో లేవు” అని ఒక్క లైను రాసి వెళ్లిపోయాడు. నేను తొమ్మిది నెలలు తిరిగాను. పెద్ద పెద్ద కంపెనీల ప్యాకేజీల మీద కూడా ఇంతే గట్టిగా రాస్తారా?

పాత_ఆడిటర్
బిల్లు_రాలేదు గారూ, మీకు జరిగింది తప్పే. ఫైల్లో లేకపోతే లేదనే రాస్తాం, అది మా పద్ధతి. కానీ మా రాతకు జవాబు ఇవ్వాల్సింది ఆఫీసు. వాళ్లు వెతికి పర్మిట్లు చూపిస్తే ఆ పేరా, అంటే మేము రాసిన అభ్యంతరం, అక్కడికక్కడే పడిపోతుంది. వెతకడం కంటే మీ బిల్లులో కోయడం వాళ్లకు తేలిక, అందుకే కోశారు. ఇది నేను ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను.

పెద్దవాళ్ల మీద రాస్తారా అన్నారు. రాస్తాం. ఒక సంగతి చెబుతాను, ఊరూ పేరూ అడగొద్దు.

పడమటి ప్రకాశంలో ఒక పెద్ద రోడ్డు పని. ఎస్టిమేటులో కంకర 42 కిలోమీటర్ల నుంచి తెచ్చినట్టు లీడు ఇచ్చారు. లీడు అంటే క్వారీ నుంచి పని దగ్గరికి దూరం. దూరం పెరిగేకొద్దీ కంకర రేటు పెరుగుతుంది. ఫైలు శుభ్రంగా ఉంది, సంతకాలన్నీ ఉన్నాయి. నేను రోజూ బస్సులో ఆ ఆఫీసుకు పోయేవాణ్ణి. మూడో రోజు కిటికీలోంచి చూస్తే, పనికి 9 కిలోమీటర్ల దగ్గర ఒక క్రషర్, దాని చుట్టూ చెట్ల ఆకులన్నీ తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి. సాయంత్రం అక్కడ దిగి టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. లారీ డ్రైవర్లు వాళ్లంతట వాళ్లే చెప్పారు, ఆ రోడ్డుకు కంకర ఇక్కడి నుంచే పోతోందని.

మర్నాడు హాఫ్ మార్జిన్ ఇచ్చాను. అంటే కాగితం సగానికి మడిచి ఎడమవైపు మా ప్రశ్న, కుడివైపు వాళ్ల జవాబు. “9 కి.మీ.లో క్వారీ ఉండగా 42 కి.మీ. లీడు ఎందుకిచ్చారు?” అని రాశాను. ఆ రాయి పనికిరాదన్నారు. పరీక్ష రిపోర్టు చూపించమన్నాను, లేదు. అప్పుడు బిల్లుతోపాటు వాళ్లే జతచేసిన సీనరేజి పర్మిట్లు తిరగేశాను. ప్రతి పర్మిట్ మీదా ఆ 9 కిలోమీటర్ల ఊరి పేరే ఉంది. వాళ్ల కాగితమే వాళ్లను పట్టించింది. తేడా మొత్తం ఫైనల్ బిల్లులో తగ్గించారు.

చేపలపులుసు_నెల్లూరు
బస్సు కిటికీ సీటుకు ఇంత విలువ ఉందని ఇప్పుడే తెలిసింది సార్. ఇకనుంచి నేనూ కిటికీ పక్కనే.

బిల్లు_రాలేదు
మంచి పని చేశారు సార్. అట్టాంటివి వింటే మాలాంటివాళ్లకు ధైర్యం. నిజంగా 42 కిలోమీటర్లు తోలినవాడు, తోలకుండా రాయించుకున్నవాడితో టెండర్లో పోటీ పడలేక పోతున్నాడు.

ఒంగోలు_గిత్త
సరే, ఒకరు బస్సు దిగారు. దిగనివాళ్ల సంగతేంది?

మస్టర్_అక్క
నేను నాలుగేళ్లు ఊళ్లు తిరుగుతూ సామాజిక తనిఖీ చేశాను. మన రాష్ట్రంలో 2006లోనే ఇది మొదలైంది. కూలీల ఇళ్ల నుంచి చదువుకున్న పిల్లల్ని తీసుకుని శిక్షణ ఇచ్చేవాళ్లు. సొంత ఊరు మాత్రం ఇవ్వరు. మొహమాటాలు, పగలు రెండూ ఉంటాయని.

పాత ఆడిటర్ సార్‌కు ఫైలు ముందు, నేల తర్వాత. మాకు నేలే ముందు. ఎం బుక్కు కాపీ, మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) జాబితా చేతిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. “నీ పేరు మీద పద్దెనిమిది రోజులు పని చేసినట్టుంది, చేశావా?” అని అడిగితే, ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని “నాకు కళ్లు కనపడక మూడేళ్లైంది బిడ్డా” అంది. ఆ మాట అట్టాగే ఆమె వేలిముద్రతో రాసుకున్నాం.

ఊటకుంటలు, ఫారంపాండ్లు కొలిచేటప్పుడు ఒకరు టేపు మొదలు, ఇంకొకరు కొస పట్టుకుని గుంటలోకి దిగేవాళ్లం. మిట్టమధ్యాహ్నం కనిగిరి ఎండలో. లోతు కొలవడానికి వెదురు కర్రకు రంగు గీతలు పెట్టుకున్నాం. ఒకచోట రికార్డులో రెండు మీటర్ల లోతు, కర్ర దించితే నా మోకాలు దాటలేదు. వానకు పూడిపోయిందన్నారు. ఆ ఏడు అక్కడ వానే లేదు!

తర్వాత గ్రామసభ, ఆ పైన మండలంలో ప్రజావేదిక. అందరి ముందూ చదువుతాం. రాసిన రికవరీలన్నీ వసూలయ్యాయని చెప్పను, చాలా మిగిలిపోయాయి. కానీ మైకు ముందు తన పేరు చదువుతుంటే తలొంచుకున్న మేట్లను, అంటే కూలీల మీద పెత్తనం చేసేవాళ్లను, నేను చూశాను. మర్నాటి పనిలో తేడా కనిపించేది.

మన్నేరు అన్నా, మీ ఊరి తనిఖీ రోజున మీరు గ్రామసభకు వెళ్లారా?

మన్నేరు_ఒడ్డు
లేదక్కా. ఎప్పుడు జరిగిందో కూడా తెలియదు. అడిగితే మా వార్డులో ఎవరికీ తెలియదంటున్నారు.

మస్టర్_అక్క
అదే అసలు లోటు. దండోరా వేయించాలి, సచివాలయంలో నోటీసు పెట్టాలి. పదిమంది వచ్చిన గ్రామసభలో వచ్చిన పదిమందీ ఎవరో మీరే ఊహించుకోండి. తర్వాతి విడత ఎప్పుడో మండల ఉపాధి ఆఫీసులో కనుక్కుని ఉంచుకోండి.

కనిగిరి_బోరు
మీరు నాలుగంగుళాల రోడ్డు దగ్గర ఆగారు. మా వైపు వెలిగొండ ప్రాజెక్టు సంగతి మాట్లాడరా? 1996లో శంకుస్థాపన. మా నాన్న అప్పుడు చేను అమ్మకుండా ఆగాడు, కాలువ వస్తుందని. శ్రీశైలం వరద నీళ్లు 43.5 టీఎంసీలు, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలు అన్నారు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లు మా ఊళ్లో ఇంటికొకరు. ఇన్నేళ్లలో ఎన్ని ఆడిట్‌లు జరిగుంటాయి? ఆడిట్ వల్ల ఒక్క రోజైనా పని ముందుకు జరిగిందా?

మార్కాపురం_పలక
రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైనే. మొదటిది 2021 జనవరికి, రెండోది 2024 జనవరికి తవ్వకం పూర్తయింది. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. ఆ రోజుకి నిర్వాసితుల పరిహారం మిగిలే ఉంది. నేను అక్కడి మునక ఊళ్లకు పిల్లనిచ్చినవాణ్ణి, నాకు తెలుసు.

పాత_ఆడిటర్
కనిగిరి గారి కోపం న్యాయమైనది. జలయజ్ఞం ప్రాజెక్టుల మీద కాగ్ ప్రత్యేకంగా పనితీరు ఆడిట్ చేసింది. 2012 నివేదికల్లో ఉంది. అనుమతులు, భూసేకరణ తేలకుండా పనులు అప్పగించడం, ఈపీసీ పద్ధతిలో సర్వే, డిజైన్ కూడా కాంట్రాక్టర్ చేతిలో పెట్టడం, గడువులు పదేపదే పొడిగించడం, ఇవన్నీ అందులో ఎత్తిచూపింది. ఆడిటర్ సొరంగం తవ్వలేడు. కానీ ఎక్కడ ఎందుకు ఆగిందో పక్షం లేకుండా రాసిన కాగితం ఆ నివేదికే. పార్టీలు మారినా ఆ కాగితం మారదు.

లా_స్టూడెంట్_కావలి
ఆ కాగితం ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. 151వ అధికరణం ప్రకారం కాగ్ రాష్ట్ర నివేదిక గవర్నరుకు, ఆయన ద్వారా శాసనసభకు. అక్కడ ప్రజాపద్దుల కమిటీ శాఖల అధికారులను పిలిచి ఒక్కో పేరా అడగాలి. కమిటీ కూర్చోకపోతే, కూర్చున్నా పదేళ్ల నాటి పేరాలు చర్చిస్తే ఏం లాభం? అప్పటికి ఆ అధికారి రిటైరై ఉంటాడు. నా అభిప్రాయంలో లోపం ఆడిట్‌లో లేదు, ఆడిట్ తర్వాత ఉంది.

ఒంగోలు_గిత్త
తమ్ముడూ, అంత తేలిగ్గా ఆడిట్‌ను వదలొద్దు. 2జీ స్పెక్ట్రం కేటాయింపుల్లో 1.76 లక్షల కోట్లు నష్టం అని కాగ్ రాస్తే దేశం ఊగిపోయింది. 2017 డిసెంబరులో కోర్టు నిందితులందరినీ వదిలేసింది. అంటే ఆ లెక్క ఏమైనట్టు?

లా_స్టూడెంట్_కావలి
అన్నా, అదే స్పెక్ట్రంలో సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో 122 లైసెన్సులు రద్దు చేసింది కదా. కేటాయించిన పద్ధతి తప్పు అనేది ఒక సంగతి, ఫలానా మనిషి లంచం తీసుకున్నాడని సాక్ష్యంతో నిరూపించడం ఇంకో సంగతి. ఆడిట్ మొదటిది చెబుతుంది. రెండోది పోలీసులది, కోర్టుది. నష్టం లెక్క మీద వాదించొచ్చు, నాకూ ఆ అంకె మీద సందేహాలున్నాయి.

ఒంగోలు_గిత్త
ఇది ఒప్పుకోదగ్గ మాట.

మార్కాపురం_పలక
తక్కువ రేటు గురించి ఇంజనీరు గారు అన్నది వెలిగొండకూ తగులుతుంది. 2019లో రెండో సొరంగానికి రివర్స్ టెండర్ (వచ్చిన తక్కువ రేటు మీద ఇంకా తగ్గించమని మళ్లీ పాడించడం) పెడితే 60 కోట్లకు పైగా తగ్గింది. ఆదా అని కొందరు, పని నడవదని కొందరు. ఆ పద్ధతిని 2024లో ప్రభుత్వం మారాక తీసేశారు. రేటు తగ్గిన ప్రతిసారీ నాణ్యత పోతుందంటే నేను నమ్మను. చూసేవాడు లేనప్పుడు పోతుంది.

గుండ్లకమ్మ_పిల్ల
కొత్త పనుల ఆడిట్ సరే, ఉన్నవాటి సంగతి? మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు 2022 ఆగస్టు ఆఖర్న కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో ఇంకో గేటు. మా చిన్నాన్న వాళ్లు కళ్లముందే నీళ్లు సముద్రానికి పోతుంటే గట్టు మీద నిలబడి ఏడ్చారు. గేట్లకు రంగు, గ్రీజు, రోప్‌లు ఎప్పుడు మార్చారు, ఆ డబ్బు అడిగారా, అడిగితే ఇచ్చారా? ఖర్చు పెట్టినదాన్నే ఆడిట్ చూస్తుందా, పెట్టాల్సి ఉండి పెట్టనిదాన్ని చూడదా?

పాత_ఆడిటర్
చాలా మంచి ప్రశ్న అమ్మా. చూస్తుంది. పనితీరు ఆడిట్ అంటే అదే. ఉద్దేశం నెరవేరిందా, ఆస్తిని కాపాడారా అని కూడా అడగొచ్చు. కానీ లేని ఖర్చుకు ఓచరు ఉండదు. ఓచరు లేనిచోట అనుమానించడానికి ఆడిటర్‌కు అనుభవమన్నా ఉండాలి, ఊరివాళ్ల మాటన్నా చెవిన పడాలి.

మన్నేరు గారికి నా సలహా. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం బుక్కులో ఆ పని పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, బిల్లు, ఈ ఐదూ పేరుపేరునా అడగండి. “రోడ్డు వివరాలు ఇవ్వండి” అని రాస్తే సగం పేజీ జవాబు వస్తుంది. 2(జె) సెక్షను ప్రకారం పనిని చూడ్డానికి, ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి కూడా మీకు హక్కుంది. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎంతో చూడండి. ఆ గడువులో చెడితే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి. పద్నాలుగు నెలలే అయింది కాబట్టి ఆలస్యం చేయొద్దు.

మన్నేరు_ఒడ్డు
రేపే పెడతా సార్.

చేపలపులుసు_నెల్లూరు
అన్నా, ఏమొచ్చినా ఇక్కడ రాయాలి. మధ్యలో వదిలేస్తే ఊరుకోం.

మన్నేరు_ఒడ్డు
ఐదు వారాల తర్వాత రాస్తున్నా. కాగితాలు వచ్చాయి. మొదట 30 రోజుల్లో రాలేదు, పై అధికారికి అప్పీలు పెడతానని చెబితే మూడో రోజున పిలిచి ఇచ్చారు. 

ఎస్టిమేటులో మందం 0.15 మీటర్లు. అంటే ఆరంగుళాలే. ఎం బుక్కులోనూ పొడవునా 0.15 అనే ఉంది, ఒక్క చోట కూడా 0.14 లేదు. అగ్రిమెంటులో గడువు రెండేళ్లు.

అసలు సంగతి ఇది. కొలత తీసిన తేదీ 2023 డిసెంబరు 5. ఆ తేదీ చూసి నేను రెండు నిమిషాలు అట్టాగే కూర్చున్నా. ఆ రోజు మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊళ్లో ముందు రోజు నుంచే కరెంటు లేదు, గాలికి మా రేకుల షెడ్డు ఎగిరిపోయింది, మనిషి గడప దాటలేదు. నా ఫోన్లో డిసెంబరు 6న తీసిన ఫోటో ఉంది. మా వీధి మోకాలు లోతు నీళ్లు, కింద మట్టి రోడ్డు. కంకర దించిందే ఆ తర్వాత వారానికి. దించిన కుప్ప మీద మా చిన్నోడు కూర్చున్న ఫోటో కూడా ఉంది, తేదీతో. రోడ్డు వేయకముందే దాన్ని కొలిచినట్టు రాశారు.

మొలకొలుకులు
ఒళ్లు జలదరించింది అన్నా.

సైట్_ఇంజనీరు
ఏడాది ఆఖరికి బిల్లులు అప్‌లోడ్ చేయాలని పైనుంచి ఒత్తిడి ఉంటే ముందే తేదీలు వేయడం జరుగుతుంది. జరగకూడదు. ఆ రెండు ఫోటోలు భద్రంగా పెట్టుకోండి, ఒరిజినల్ ఫైలు ఫోన్లోంచి తీసేయొద్దు. వాట్సాప్‌లో పంపితే లోపలి తేదీ వివరాలు పోతాయి, కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.

పాత_ఆడిటర్
నా సర్వీసులో ఎన్ని ఎం బుక్కులు తిరగేశానో లెక్కలేదు. తేదీలు వరసగా ఉన్నాయా, పేజీలు సరిగా ఉన్నాయా, దిద్దుళ్లున్నాయా అని చూసేవాళ్లం. ఆ రోజు ఆ ఊళ్లో వాన పడిందా అని అడగాలని నాకు ఎప్పుడూ తట్టలేదు. మీ దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు మూడు చోట్లకు రాయండి. గడువు లోపల లోపం బయటపడిందని, కోర్ (మిషనుతో రోడ్డులోంచి గుండ్రంగా కోసిన ముక్క) తీసి మందం తేల్చాలని, బాగుచేయించాలని ఆ పని చేయించిన ఈఈకి, రసీదుతో. సామాజిక తనిఖీ వాళ్లకు ఫోటోలు, ఎం బుక్కు నకలు. విజయవాడలో కాగ్ కార్యాలయానికి కూడా ఒక కాపీ పంపండి. వాళ్లు ఫిర్యాదులు తీర్చరు, కానీ ఈసారి ఆ డివిజనుకు వచ్చే బృందానికి ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. కోపం మాటలు ఒక్కటీ వద్దు. తేదీ, కొలత, ఫోటో, అంతే. అవే చాలా బరువు.

బిల్లు_రాలేదు
ఒక్క మాట. కాంట్రాక్టర్ని పిలిపించినప్పుడు అతని మాట కూడా వినండి. అతనికి ఎంత బిల్లు వచ్చిందో, అందులో ఎంత ఎవరికి పోయిందో అప్పుడైనా బయటికొస్తుంది. తప్పు చేసుంటే వేయించండి, నేను అడ్డుపడను.

మన్నేరు_ఒడ్డు
వింటా అన్నా.

కనిగిరి_బోరు
నేనూ మా ఊరి చెక్‌డ్యామ్ ఎం బుక్కుకి దరఖాస్తు పెట్టాను. ఈ చర్చ చదివాకే.

మన్నేరు_ఒడ్డు
ఇంకో కబురు. ఈఈ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. వచ్చే గురువారం పదింటికి క్వాలిటీ కంట్రోల్ వాళ్లు కోర్ మిషను తెస్తారట, మూడు చోట్ల తీస్తారట. ఎక్కడ తీయాలో వాళ్లనే ఎంచుకోనిస్తే గుడి ముందు మాత్రం తీసి పోతారేమోనని మా పెద్దమ్మ భయం. అక్కడ ఒక్కచోటే మందంగా ఉంది.

మస్టర్_అక్క
పోయినప్పుడే సుద్దపొడి పట్టుకెళ్లండి. వీధి మొదలు, మధ్య, చివర, కాలువ అంచున ముందే గుర్తులు పెట్టి, వాటి దగ్గరే తీయాలని రాసిచ్చి సంతకం తీసుకోండి. ఒక్కరే వెళ్లొద్దు, ఆడవాళ్లు కూడా ఉండాలి. నేను కావలి నుంచి ఉదయం ప్యాసింజర్‌కి వస్తా. నా పాత టేపు ఇంకా ఇంట్లోనే ఉంది.